అయిదు మీటర్ల రూలు

2010 జూన్‌లో టొరాంటో నడిబొడ్డున ఫుట్‌పాత్‌ల పక్కన నాటిన లేత చెట్లని కొన్నిటిని పీకేశారు. తెగులు పట్టి కాదు, రోడ్డు వెడల్పు చెయ్యడానికీ కాదు. ఎవరైనా వాటిని ఊడబెరికి కర్రల్లా వాడతారేమోనన్న అనుమానంతో. చెత్తడబ్బాలు, పోస్టుడబ్బాలు, పేపర్లు అమ్మే పెట్టెలు, బస్సు షెల్టర్లు కూడా అలాగే మాయమయ్యాయి. ఆ నెల 26, 27 తేదీల్లో జీ-20 దేశాల నాయకులు ఆ ఊళ్ళో కలవబోతున్నారు. కొత్తల్లుడు వస్తున్నాడంటే ఇల్లు సర్దుకోమా, ఇదీ అంతే అని సరిపెట్టుకోవచ్చు. కానీ అల్లుడు వస్తున్నాడని ఇంట్లోవాళ్ళ జేబులు ఎవరూ వెతకరు కదా!

సాంకేతిక శీర్షికలో ఈ రాజకీయాల గోల ఏమిటని మీకు అనిపించవచ్చు. నిజానికి శిఖరాగ్ర సమావేశాలకి చేసే భద్రత ఏర్పాటు మనం ఆఫీసుల్లో రోజూ చేసే పనికి పెద్దన్నలాంటిది. ఒక సరిహద్దు గియ్యాలి. లోపలికి ఎవరు రావచ్చో జాబితా రాయాలి. వచ్చినవాడు వాడేనా కాదా అని చూడాలి. వచ్చినట్టు ఎక్కడో రాసిపెట్టుకోవాలి. తేడా ఒక్కటే. మన సిస్టం నచ్చకపోతే యూజరు లాగౌట్ చేసి తన దారిన తాను పోతాడు. ఇక్కడ యూజరు ఇల్లు ఆ సరిహద్దు లోపలే ఉంది.

అసలీ సమావేశం నగరం మధ్యలో ఎందుకు పెట్టారన్నది మొదటి ప్రశ్న. ముందు అనుకున్నది టొరాంటో కాదు. దానికి ఉత్తరాన రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సరస్సుల మధ్య ఉండే హంట్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో జీ-8 సమావేశం పెట్టాలని కెనడా ప్రభుత్వం ఎప్పుడో నిర్ణయించుకుంది. ఈలోగా 2008 నాటి ఆర్థిక సంక్షోభంతో జీ-20కి ప్రాముఖ్యం పెరిగింది. దాన్ని కూడా అక్కడే కానిచ్చేద్దామంటే అంతమందికి ఆ చిన్న ఊరు చాలదు. దాంతో జీ-8ని అక్కడే ఉంచి, జీ-20ని టొరాంటోకి మారుస్తున్నామని 2009 డిసెంబరులో ప్రకటించారు. ఊళ్ళోనే పెట్టేట్టయితే సరస్సు ఒడ్డున జనావాసాలకి ఎడంగా ఉన్న ఎగ్జిబిషన్ ప్లేస్‌లో పెట్టమని నగరపాలకులు అడిగారు. కేంద్రం ఒప్పుకోలేదు. బ్యాంకులు, హోటళ్ళు, రైల్వే స్టేషను, ఆకాశహర్మ్యాల్లాంటి కాండోలు కిటకిటలాడే ఫ్రంట్ వీధిలోని కన్వెన్షన్ సెంటర్ని ఎంచుకుంది. చేతిలో ఉన్నది ఆర్నెల్లు. రిక్వైర్‌మెంటు ఆలస్యంగా మారడం, పైవాళ్ళు చెప్పారని నడుస్తున్న ప్రొడక్షన్ సర్వరు మీదే కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించడం, ఇవేమిటో మనకి వేరే చెప్పాలా?

ఇక ఊరివాళ్ళ పాట్లు. కాంక్రీటు దిమ్మల మీద నిలబెట్టిన మూడు మీటర్ల ఎత్తు ఇనుప జాలీ కంచె కిలోమీటర్ల కొద్దీ వీధుల గుండా పాకింది. సీఎన్ టవరు మూశారు. టొరాంటో విశ్వవిద్యాలయం నగరం మధ్యలో ఉన్న తన ప్రాంగణాన్ని మూసేసి, హాస్టళ్ళలో ఉన్నవాళ్ళని వేరేచోటికి పంపింది. నాటకశాలలు ఆటలు ఆపేశాయి. అన్నిటికన్నా తమాషా బేస్‌బాల్ జట్టుది. బ్లూ జేస్ వాళ్ళ స్టేడియం కన్వెన్షన్ సెంటరుకి పక్కనే. ఆ వారాంతం ఫిలడెల్ఫియాతో జరగవలసిన మూడు ఆటల్నీ ఫిలడెల్ఫియాకే మార్చారు. ప్రత్యర్థి ఊళ్ళో, ప్రత్యర్థి మైదానంలో, ప్రత్యర్థి అభిమానుల మధ్య బ్లూ జేస్ 'సొంత ఊరి జట్టు'గా ఆడింది. టొరాంటో జనం ఎంతో ఇష్టపడ్డ రాయ్ హాలడే ఫిలడెల్ఫియాకి మారాక పాత ఊరికి ఆటగాడిగా తిరిగి రావలసిన వారం అది. టిక్కెట్లు కొనుక్కుని ఎదురుచూసినవాళ్ళకి టీవీయే గతి అయింది.

మనవాళ్ళు చాలామంది పనిచేసే బే వీధి బ్యాంకుల్లో ఆ వారం హడావిడి ఇంకోరకం. అక్కడ కాంట్రాక్టులో ఉన్న మిత్రుడొకడు అప్పట్లో చెప్పిన కథ ఇది. వారం రోజుల ముందే రిలీజులన్నీ ఆపేశారు. అందరినీ ఇంటి నుంచి పనిచెయ్యమన్నారు. తీరా చూస్తే వీపీఎన్ టోకెన్లు అందరికీ సరిపడా లేవు. కాంట్రాక్టరు ఆఖరి వరసలో ఉంటాడు కాబట్టి ఇతనికి రాలేదు. గంటల లెక్కన జీతం, పనిచెయ్యని గంటకి పైసా రాదు. అలా నాలుగు రోజుల సంపాదన పోయింది. సమావేశం పేరు చెప్పుకుని నష్టపోయిన దుకాణదారుల గురించి పత్రికలు రాశాయి గానీ, ఇలాంటి వాళ్ళ లెక్క ఎవరూ రాసినట్టు లేదు. "పోనీలే, పిల్లల్ని తీసుకుని నయాగరా వెళ్ళొచ్చాం" అని నవ్వేశాడనుకోండి.

ఇంతవరకూ జరిగింది ఇబ్బందే గానీ అన్యాయం అనలేం. పెళ్ళి ఊరేగింపుకి రోడ్డు ఆగినా, గణేశ్ నిమజ్జనానికి బస్సులు దారి మళ్ళించినా మనం తిట్టుకుంటూనే సర్దుకుపోతాం. కంచె కళ్ళకి కనిపిస్తుంది, ఎక్కడ తిరిగి వెళ్ళాలో తెలుస్తుంది. కంచె లోపల నివసించేవాళ్ళకీ పనిచేసేవాళ్ళకీ పోలీసులు ముందే పేర్లు నమోదు చేసుకుని కార్డులిచ్చారు. నమోదు తప్పనిసరి కాదు. కాకపోతే కార్డు ఉన్నవాడు తొందరగా బయటపడతాడు, లేనివాడు గేటు దగ్గర తన కథంతా చెప్పుకోవాలి. 'ముందు అందరినీ ఆపు, జాబితాలో ఉన్నవాణ్ణి వదులు' అన్న పద్ధతి ఫైర్‌వాల్ రాసినవాడికి కొత్త కాదు. రూలు కఠినంగా ఉండటం వేరు. రూలేమిటో తెలియకపోవడం వేరు. టొరాంటోలో రెండోది కూడా జరిగింది.

ఆ సంగతి చెప్పేముందు ఇంకో ముచ్చట. ఈ సమావేశం కోసం పోలీసులు కెమెరాలతో పాటు ఎల్‌ర్యాడ్ అనే శబ్దయంత్రాలు కూడా కొన్నారు. చూడటానికి పెద్ద పళ్ళెంలా ఉంటుంది. మామూలు లౌడ్‌స్పీకరు శబ్దాన్ని నాలుగు దిక్కులకీ చిమ్మితే, ఇది సన్నటి దారిలో ఒకవైపుకే నెడుతుంది. చాలా దూరంలో ఉన్నవాడికి కూడా మాట స్పష్టంగా వినిపిస్తుంది. అదే యంత్రంలో హెచ్చరిక కూత పెట్టే మీట ఇంకొకటి ఉంది. దగ్గరగా ఉంటే అది చెవికి హాని చెయ్యగలదు. ఈ యంత్రాలు కొన్న సంగతి బయటికి తెలియగానే పౌరహక్కుల సంఘమూ కార్మిక సంఘాలూ కోర్టుకెళ్ళాయి. జూన్ 25న, అంటే సరిగ్గా సమావేశం ముందురోజు, న్యాయమూర్తి తీర్పు చెప్పాడు: మాట వినిపించడానికి వాడుకోవచ్చు, టొరాంటో పోలీసులు ఆ కూత మీట వాడకానికి పెట్టుకున్న పద్ధతి మాత్రం సరిపోదు, దాన్ని సవరించేదాకా వాడటానికి వీల్లేదు. పోలీసులకి కావలసింది కొంత మిగిలింది, జనానికి కావలసింది కొంత దక్కింది. ఇదంతా ఎలా కుదిరింది? యంత్రం ఉందని ముందే తెలిసింది కాబట్టి.

తెలియనిది ఇంకొకటి ఉంది. 1939లో, రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో, జలవిద్యుత్ కేంద్రాల్లాంటివాటిని విద్రోహుల నుంచి కాపాడటానికి ఓంటారియో రాష్ట్రం హడావిడిగా ఒక చట్టం చేసింది. పేరు పబ్లిక్ వర్క్స్ ప్రొటెక్షన్ యాక్ట్. దాని ప్రకారం అలాంటి స్థలంలోకి వెళ్ళేవాణ్ణి, లేదా దాన్ని సమీపించేవాణ్ణి కాపలాదారు పేరూ చిరునామా అడగవచ్చు, ఎందుకొచ్చావని నిలదీయవచ్చు, వారంటు లేకుండా సోదా చెయ్యవచ్చు, కాదంటే అరెస్టు చెయ్యవచ్చు. అన్నిటినీ మించింది ఒక చిన్న వాక్యం. ఆ స్థలం హద్దులు ఎక్కడిదాకా ఉన్నాయన్న వివాదం వస్తే, కాపలా అధికారి ప్రమాణం చేసి చెప్పిందే తిరుగులేని సాక్ష్యం. మన భాషలో చెప్పాలంటే వేరియబుల్ విలువ ఎంత అన్నది కోడ్‌లో ఉండదు, నడుస్తున్నప్పుడు ఆ ప్రాసెస్ ఎంత అంటే అంత!

టొరాంటో పోలీసు ఛీఫ్ అడిగిన మీదట ఓంటారియో మంత్రివర్గం ఈ పాత చట్టం దుమ్ము దులిపి, కంచె లోపలి ప్రాంతాల్ని దాని కిందికి తెస్తూ 2010 జూన్ 2న ఒక రెగ్యులేషన్ చేసింది. శాసనసభలో చర్చ లేదు, పత్రికాప్రకటన లేదు. జూన్ 16న ప్రభుత్వపు చట్టాల వెబ్‌సైటులో ఒక మూలన పెట్టారు. 21 నుంచి అమలు. 28తో ముగింపు. మరి గెజెట్‌లో అచ్చయ్యే తేదీ? జూలై 3. రూలు చచ్చిపోయిన అయిదు రోజులకి దాని జనన ప్రకటన అన్నమాట. ఎవరైనా దాన్ని సవాలు చెయ్యాలనుకుంటే ముందు అది ఉందని తెలియాలి కదా.

జూన్ 24న కంచె దగ్గర కనబడ్డ ఒక యువకుణ్ణి పోలీసులు గుర్తింపు కార్డు అడిగారు. మామూలు రోజుల్లో కెనడాలో ఊరికే నడిచిపోయేవాడు కార్డు చూపించి తీరాలని లేదు. అతను అదే నమ్మకంతో చూపించనన్నాడు. అరెస్టు చేశారు. ఏ చట్టం కింద అని లాయర్లు తవ్వితే ఈ 1939 కథ బయటపడింది. మర్నాడు పత్రికల్లో పెద్ద అక్షరాలతో వార్త: కంచెకి అయిదు మీటర్ల లోపు వచ్చినవాళ్ళెవరినైనా సోదా చెయ్యవచ్చునట. పోలీసు ఛీఫ్ కూడా విలేకరుల దగ్గర దాన్ని కాదనలేదు సరికదా, బలపరిచాడు. ఊరంతా ఈ అయిదు మీటర్ల రూలు పాకిపోయింది. కంచె పక్క ఫుట్‌పాత్ మీద నడవాలా, రోడ్డుకి అటువైపు నడవాలా అని జనం దూరాలు కొలుచుకున్నారు. సమావేశం ముగిసి నాయకులు విమానాలెక్కాక, జూన్ 29న, అసలా అయిదు మీటర్ల రూలు అన్నదే లేదని ఛీఫ్ ఒప్పుకున్నాడు. రెగ్యులేషన్ వర్తించేది కంచె లోపలికే. బయట అయిదు మీటర్లు కాదు, అయిదంగుళాలు కూడా లేవు.

డాక్యుమెంటేషన్ లేని సిస్టంలో ఏమవుతుందో మనకి తెలుసు. వాడేవాళ్ళు తలా ఒక రూలు ఊహించుకుంటారు, నడిపేవాళ్ళు కూడా అంతే. రాష్ట్ర అంబుడ్స్‌మన్ 2010 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో ఇదే వివరంగా రాశాడు. కంచెకి ఎక్కడో దూరాన, ఆ చట్టంతో ఏ సంబంధమూ లేని వీధుల్లో కూడా పోలీసులు జనాన్ని ఆపి సంచులు వెతికారు. ఆ రెగ్యులేషన్ చెల్లదని, బహుశా రాజ్యాంగ విరుద్ధమని తేల్చాడు. 2011లో ఓంటారియో మాజీ ప్రధాన న్యాయమూర్తి ఒకరు ఆ చట్టాన్ని సమీక్షించి ఎత్తెయ్యమన్నాడు. 2014 డిసెంబరులో గానీ దాని రద్దుకి శాసనసభ ఆమోదం దొరకలేదు. ఒక వారం కోసం బయటికి తీసిన కత్తిని ఒరలో పెట్టడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఇప్పుడు మన వృత్తికే చెందిన ఒకతని కథ. టొరాంటోలో ఒక కంప్యూటరు భద్రతా నిపుణుడు ఉండేవాడు. పరీక్షలు ప్యాసైనవాడు, ఊళ్ళోని హ్యాకర్ల క్లబ్బుకి వెళ్ళేవాడు, రేడియోలన్నా మోడల్ రాకెట్లన్నా సరదా. తన ఊళ్ళో ఇంత నిఘా పెడుతున్నారు కదా, అది నిజంగా ఎంత పనిచేస్తుందో చూద్దామన్న బుద్ధి పుట్టింది. కంచె, కెమెరాలు ఫోటోలు తీసి ఫ్లికర్‌లో పెట్టాడు. కంచెని ఎలా ఎక్కవచ్చు, ఎలా పడెయ్యవచ్చు అని ట్విట్టరులో రాశాడు. తన రాతలు ఎవరి జల్లెడలోనైనా చిక్కుతాయా అన్నది అతని కుతూహలం. పెనెట్రేషన్ టెస్టింగ్ చేసేవాళ్ళకి ఈ మనస్తత్వం బాగా తెలుసు. కాకపోతే వాళ్ళు క్లయింటు చేత ముందు సంతకం పెట్టించుకుంటారు. ఇతను పెట్టించుకోలేదు. జల్లెడ పనిచేసింది. జూన్ 15న కంచె దగ్గర ఆపి అడిగారు, 22న ఇంటికొచ్చి అరెస్టు చేశారు.

ఇంట్లో ఉన్న రసాయనాలతో పేలుడు పదార్థాలు తయారు చెయ్యవచ్చన్నది ఆరోపణ. దాదాపు 11 నెలలు బెయిలు లేకుండా జైల్లో ఉన్నాడు. సమావేశం జరిగింది రెండు రోజులు. జైల్లో ఉండగానే కాపురం కూలిపోయింది. 2012 మే 15న న్యాయమూర్తి అన్ని ఆరోపణల నుంచీ నిర్దోషిగా వదిలేసింది. కంచె దగ్గర ఆపి ప్రశ్నించిన తీరులో అతని రాజ్యాంగ హక్కులకి భంగం కలిగిందని కూడా ఆవిడ తేల్చింది. అతను చేసినవన్నీ తెలివైన పనులని నేననను. ఊరంతా నరాలు బిగపట్టుకున్న వారంలో కంచె ఎక్కడమెలాగో బహిరంగంగా రాయడం నిప్పుతో చెలగాటమే. అయినా ఫోరాల్లో, మెయిలింగ్ లిస్టుల్లో రూటర్లలోని లోపాల గురించి మనం రాసుకునే భాష కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. దాన్ని పోలీసు చదివితే ఎలా అర్థమవుతుందో ఆ 11 నెలలు చెబుతాయి.

సమావేశం జరిగిన శనివారం మధ్యాహ్నం నల్లదుస్తులు వేసుకున్న కొందరు పెద్ద ఊరేగింపులోంచి విడిపోయి యంగ్ వీధిలో దుకాణాల అద్దాలు పగలగొట్టారు, పోలీసు కార్లు తగలబెట్టారు. వాళ్ళని సమర్థించడానికి ఏమీ లేదు. విచిత్రమేమంటే, సుమారు 20,000 మంది భద్రతా సిబ్బంది ఉన్న ఊళ్ళో వాళ్ళని ఆ సమయానికి ఆపినవాళ్ళు లేరు. బలగమంతా కంచె చుట్టూ ఉంది, కంచె బయట ఊరుంది. నడిమధ్యన సబ్‌వే ఆగింది, ట్రాములు ఆగాయి, ఈటన్ సెంటరు తలుపులు మూశారు. ఆ తర్వాత మొదలైంది ఎదురుదెబ్బ. ఆ వారాంతంలో అరెస్టయినవాళ్ళు 1,100 మందికి పైగా. ఈస్టర్న్ ఎవెన్యూలో పాత సినిమా స్టూడియోని తాత్కాలిక జైలుగా మార్చి, జాలీ గదుల్లో కుక్కారు. అందులో ఎక్కువమందిని ఏ కేసూ పెట్టకుండానే వదిలేశారు.

ఆదివారం సాయంత్రం క్వీన్, స్పడైనా వీధులు కలిసే కూడలిలో జరిగింది మరీ దారుణం. టొరాంటో తెలిసినవాళ్ళకి ఆ కూడలి కళ్ళముందు మెదులుతుంది. చైనాటౌనుకి దగ్గర, బట్టల కొట్లు, కాఫీ కొట్లు, ఎప్పుడూ జనం. పోలీసులు నాలుగువైపులా వరసలు కట్టి మధ్యలో ఉన్నవాళ్ళని ఉన్నచోటే బంధించారు. దీన్ని కెట్లింగ్ అంటారు. నిరసనకి వచ్చినవాళ్ళే కాదు, కుక్కని తిప్పడానికో సరుకులకో వచ్చినట్టు ఆ దారిన పోతున్నవాళ్ళూ, ఆ వీధివాళ్ళూ అందులో చిక్కారు. వెళ్ళిపోతామంటే వెళ్ళనివ్వలేదు. ఉరుములతో కుండపోత వాన. దాదాపు నాలుగు గంటలు నిలువునా తడిశారు. ఆ ఆజ్ఞ ఇచ్చిన అధికారిని శాఖాపరమైన విచారణలో దోషిగా తేల్చడానికి 2015 దాకా పట్టింది.

అయితే టొరాంటోలో జరిగింది ఒకరకంగా పాతకాలపు వ్యవహారం. కాగితం మీద రూలు, చేతిలో లాఠీ. ఏడేళ్ళ తర్వాత 2017 జూలై 7, 8 తేదీల్లో జర్మనీలోని హాంబుర్గ్‌లో జీ-20 జరిగింది. అక్కడా నగరం మధ్యనే, జనం కిక్కిరిసి ఉండే షాన్‌జె పేట పక్కనే. అక్కడ కూడా తగలబడ్డ కార్లు, పగిలిన అద్దాలు, హెలికాప్టర్ల మోతకి నిద్రలేని రాత్రులు అన్నీ ఉన్నాయి. వాటిని దాటేసి మనకి పనికొచ్చేవి రెండు చెబుతాను.

మొదటిది జాబితా కథ. ముందుగా దరఖాస్తు పెట్టుకుని, తనిఖీలన్నీ పూర్తయి, మెళ్ళో బ్యాడ్జి వేసుకున్న విలేకరుల్లో 32 మంది అనుమతిని సమావేశం మధ్యలో రద్దు చేశారు. వాళ్ళ పేర్లున్న కాగితాలు గేట్ల దగ్గర పోలీసుల చేతుల్లో తిరిగాయి. ఎందుకని అడిగితే భద్రతా కారణాలన్నారు. తర్వాత నెలల తరబడి అడగ్గా అడగ్గా తేలిందేమిటి? కొందరి విషయంలో పోలీసుల డేటాబేసులో ఉన్నదే తప్పు. ఒకచోట మనిషినే పొరబడ్డారు, ఇంకొకరి పేరు ఇతనికి అంటుకుంది. మరొకచోట కేసు ఎప్పుడో కొట్టేసినా ఎంట్రీ అలాగే ఉండిపోయింది. ఇంటిపేరు ముందో వెనకో తెలియక, పాస్‌పోర్టులో ఒకరకంగా, పేరోలులో ఇంకోరకంగా పేర్లున్న మనవాళ్ళకి ఈ జబ్బు గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకే కంపెనీలో ఇద్దరు శ్రీనివాసరావులుంటే ఒకరి మెయిలు ఇంకొకరికి వెళ్తుంది. ఆ జాబితా పోలీసుది అయినప్పుడు మెయిలు కాదు, మనిషి వెళ్ళవలసి వస్తుంది.

రెండోది ముఖాల కథ. అల్లర్లు చేసినవాళ్ళని పట్టుకోవడానికి హాంబుర్గ్ పోలీసులు తాము తీసిన వీడియోలు, జనం పంపినవి, రైలు స్టేషన్ల కెమెరాల్లోవి, అన్నిటినీ పోగుచేసి ముఖాల్ని గుర్తించే సాఫ్ట్‌వేరులో పోశారు. సాఫ్ట్‌వేరు ప్రతి ముఖానికీ ఒక లెక్కల ముద్ర తయారు చేసి దాచింది. అద్దం పగలగొట్టినవాడి ముఖమూ, ఆ రోజు ఆఫీసు నుంచి స్టేషనుకి నడిచి రైలెక్కిన ఆవిడ ముఖమూ ఒకే పట్టికలో చేరాయి. ఆవిడకి ఆ సంగతి తెలిసే దారి లేదు. నగరపు డేటా రక్షణ కమిషనరు 2018 డిసెంబరులో దాన్ని చెరిపెయ్యమని ఆదేశించాడు. పోలీసులు కోర్టుకి వెళ్ళి 2019 అక్టోబరులో గెలిచారు. చివరికి ఇక అవసరం లేదని వాళ్ళే 2020 మేలో చెరిపేశారు. రెండు రోజుల సమావేశం, దాదాపు మూడేళ్ళ డేటా. బ్యాకప్ ఎప్పుడు తీసెయ్యాలన్నది ప్రాజెక్టు మొదట్లోనే రాసుకోకపోతే ఏమవుతుందో మన రంగంలో అందరికీ అనుభవమే.

అమెరికాలో ఉన్నవాళ్ళకి దగ్గరి ఉదాహరణ 2023 నవంబరు నాటి శాన్‌ఫ్రాన్సిస్కో. ఎన్నో సాఫ్ట్‌వేరు మహాసభలకి మనం బ్యాడ్జీలు తగిలించుకుని తిరిగిన మస్కోని సెంటరులోనే ఎపెక్ దేశాల సమావేశం. చుట్టుపక్కల ఇళ్ళున్నవాళ్ళు తమ ఇంటికి చేరడానికి మెటల్ డిటెక్టరు దాటి వెళ్ళారు, అక్కడి సబ్‌వే స్టేషను మూతపడింది. కాకపోతే మ్యాపులు, గేట్లు, తేదీలు సీక్రెట్ సర్వీసు ముందుగానే బయటపెట్టింది. టొరాంటోతో పోలిస్తే ఈ ఒక్కటి మెరుగు. అదే సమయంలో ఆ పేటలోని ఫుట్‌పాత్‌ల మీద గుడారాల్లో ఉండేవాళ్ళని కదిలించారు. నాయకులు వస్తున్నారనే ఊరు శుభ్రం చేస్తున్నామన్న మాట నిజమేనని గవర్నరు దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు.

ఈ శుభ్రం చెయ్యడం మన ఊళ్ళకీ కొత్త కాదు. 2000 మార్చిలో క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చినప్పుడు హైదరాబాదు వీధుల్లోంచి బిచ్చగాళ్ళని తరలించారని అప్పటి పత్రికలు రాశాయి. 2017 నవంబరు 28న హెచ్ఐసీసీలో ఇవాంకా ట్రంప్, మోదీ పాల్గొన్న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు మొదలయింది. దానికి మూడు వారాల ముందే, నవంబరు 8 నుంచి రెండు నెలలపాటు నగరంలో అడుక్కోవడం నిషేధమని పోలీసు కమిషనరు ఉత్తర్వు ఇచ్చాడు. దొరికినవాళ్ళని జైలు ఆవరణల్లో పెట్టిన ఆశ్రయాలకి పంపారు. బిచ్చగాడి ఆచూకీ చెబితే 500 రూపాయల బహుమానం కూడా. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ-20కి మూడు రోజులు ఆఫీసులు, బడులు మూశారు. న్యూఢిల్లీ జిల్లాలో మందులు తప్ప ఆన్‌లైన్ డెలివరీలు వద్దన్నారు. మురికివాడలు కనపడకుండా దారి పొడుగునా ఆకుపచ్చ గుడ్డలు కట్టారు. ఆ ప్రాంతంలో ఇల్లున్నవాడు ఆధార్ కార్డు చూపించి వెళ్ళాడు. ఆ మూడు రోజులూ డెలివరీల మీద బతికే కుర్రాడు ఏం చూపించాలి? చిరునామా ఉంటేనే జాబితాలో చోటు. చిరునామా లేనివాడికి జాబితాలో రాసుకోవడానికి గడే లేదు.

మళ్ళీ మన సంగతికి వద్దాం. వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ సమావేశాల్లో మిగతావాళ్ళకి లేని ప్రమాదం ఒకటుంది. 2010 నాటికి హెచ్1బి స్టాంపింగు కోసం అమెరికా నుంచి టొరాంటోకి వచ్చే తెలుగువాళ్ళు ఎంతోమంది. కాన్సులేటు ఉన్నది యూనివర్సిటీ ఎవెన్యూలో, ఆ క్వీన్-స్పడైనా కూడలికి నడిచి వెళ్ళేంత దూరం. అలా వచ్చి, సాయంత్రం తిండికని బయటికి వెళ్ళినవాడు ఆ వలయంలో చిక్కుకుంటే? పౌరుడికైతే అది ఒక చెడ్డ రాత్రి, స్నేహితులకి చెప్పుకోవడానికి ఒక కథ. వీసావాడికి అది ఒక గడి. అమెరికా వీసా కోసం నింపే డీఎస్-160 దరఖాస్తు నిన్నెప్పుడైనా అరెస్టు చేశారా, శిక్ష పడిందా అని అడుగుతుంది. కేసు పెట్టారా లేదా అన్నది తర్వాతి మాట. తర్వాత క్షమించి వదిలేసినా సరే చెప్పమంటుంది.

టొరాంటోలో అరెస్టయినవాళ్ళు కలిసి వేసిన దావా పదేళ్ళు నడిచి 2020లో రాజీతో ముగిసింది. మొత్తం 1.65 కోట్ల కెనడా డాలర్లు. మనిషికి 5,000 నుంచి 24,700 డాలర్ల దాకా. తప్పులు జరిగాయని పోలీసుల ఒప్పుకోలు, ఆ అరెస్టుల రికార్డుల్ని చెరిపెయ్యడం కూడా షరతుల్లో ఉన్నాయి. రాతలో లేని రూలుతో మొదలైన వ్యవహారం రాతలో ఉన్న రికార్డు చెరపడంతో ముగిసింది. అయినా పోలీసుల కంప్యూటర్లో చెరిపేస్తే వీసా ఫారంలో ప్రశ్న చెరిగిపోదు. అందుకని మీ ఊళ్ళో ఎప్పుడైనా ఇలాంటి సమావేశం పెడితే మ్యాపు చూసుకోండి, చిరునామా రుజువు, వీసా కాగితాల నకళ్ళు జేబులో ఉంచుకోండి. పొరపాటున వలయంలో చిక్కి, ఏ కేసూ లేదని వదిలేస్తే, సంతోషంతో ఆ విడుదల కాగితం పారెయ్యకండి. ఐ-797 దాచుకునే ఫైల్లోనే దాన్నీ పెట్టండి, తర్వాతి స్టాంపింగుకి ముందు లాయరుకి చూపించండి.